మేస్త్రీలు రుచి చూసిన పులుసు

అన్నమును పరబ్రహ్మమని చెప్పిన పెద్దలకు, ఆ అన్నమును వేళకు వండి వార్చిన తల్లులకు, వండినదానిని వంక పెట్టక భుజించిన వారికి నమస్కరించి ఈ ప్రకరణం మొదలుపెడుతున్నాను. స్వస్తిశ్రీ క్రోధి నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, ఆశ్వయుజ బహుళ విదియ. విశాఖపట్నం.

కిందటి నెలలో రత్నమ్మగారు ప్రభువు సన్నిధికి చేరారని కబురు వచ్చింది. వన్ టౌన్‌లో వారి చర్చి పక్కనున్న హాలులో ఆదరణ కూడిక పెట్టారు. నేను వెనుక వరుసలో కూర్చున్నాను. పాస్టరుగారు నన్ను గుర్తుపట్టి, "అమ్మగారితో కలిసి పనిచేసిన పెద్దలు, తెలుగు పండితులు, రెండు మాటలు చెబుతారు" అన్నారు. లేచి నిలబడి, "రత్నమ్మగారు టీని జెట్టీ దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు" అని చెప్పి కూర్చున్నాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని పాస్టరుగారు సభకు సర్దిచెప్పారు. నా గొంతు బాగానే ఉంది. చెప్పవలసిన విషయమంతా ఆ వాక్యంలోనే ఉన్నదని నా నమ్మకం. సభికుల ముఖాలు చూస్తే మాత్రం అలా అనిపించలేదు. అందువలన ఆ వాక్యానికి కొంత వ్యాఖ్యానం అవసరమని తోచి ఇది వ్రాస్తున్నాను.

నేను గోదావరి ఒడ్డున పుట్టి, ప్రాచ్య కళాశాలలో వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ ప్రబంధాలూ చదివి పట్టా పుచ్చుకొన్నవాడిని. ఆ పట్టాను చూసిన ప్రతి పాఠశాలవారూ దానిని ఎంతో మెచ్చుకొని తిరిగి ఇచ్చివేశారు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న పండితుడు ఎంత పెద్ద బరువో మా నాన్నగారు పైకి అనలేదు గానీ, విశాఖపట్నం రేవులో పనిచేస్తున్న మా మావయ్య ఊరికి వచ్చినప్పుడు నా పెట్టె సర్దించి ఆయన వెంట పంపివేశారు. మావయ్య మా అమ్మకు తమ్ముడు. రేవుకు వచ్చిన ఓడలను జెట్టీకి కట్టే జట్టుకు ఆయన పెద్ద. కృష్ణా గోదావరి జిల్లాల నుంచి రేవు ఉద్యోగాలకూ, తరువాత ఉక్కు ఉద్యోగాలకూ వచ్చిన అనేక కుటుంబాలలో వారిదొకటి. వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో, సరుకుల గోడౌన్ల మధ్య, నూతి చుట్టూ వాటాలున్న ఒక పాత ఇంటిలో వారు అద్దెకు ఉండేవారు.

ఆ ఇంటిలో తెల్లవారక ముందే తెల్లవారేది. ఫిషింగ్ హార్బర్ నుంచి పడవల ఇంజన్ల చప్పుడు, దాని వెనుకనే చేపల వాసన, దాని వెనుక అత్తయ్య వంటింట్లో కాఫీ డికాక్షన్ వాసన. ఈ రెండు వాసనలూ మా గుమ్మం దగ్గర కలుసుకొని, ఒకదానికొకటి దారి ఇవ్వక, పొద్దెక్కేదాకా అక్కడే నిలబడి ఉండేవి. అత్తయ్య మడి మనిషి. తడిబట్ట ఆరవేయడానికి ఎవరికీ అందని ఎత్తులో దండెం కట్టించుకొంది. మనుషులకు అందకపోయినా గాలికి అందేది. రేవులో కుప్పపోసిన ఇనుప ఖనిజపు ధూళి వచ్చి దానిమీద వాలేది. తెల్లటి మడిచీర సాయంత్రానికి కావిరంగుకు తిరిగేది. ఇది సన్న్యాసయోగమని మావయ్య అనేవాడు. అత్తయ్య ఆ చీరను మళ్ళీ తడిపి మళ్ళీ ఆరవేసేది. రేవుకూ అత్తయ్యకూ ఈ వాదం నేనున్నన్నాళ్ళూ సాగింది, ఎవరూ ఓడిపోలేదు.

మావయ్యకు ఒక అలవాటు ఉండేది. ఏ పెద్ద పనినైనా దానిలోని అతి చిన్న భాగంతో మొదలుపెట్టేవాడు. గాజువాక దగ్గర ఒక స్థలం కొన్నాడు. ఇల్లు కట్టడానికి శక్తి లేదు. అందుచేత మొదట గేటు పెట్టించాడు. ప్రహరీ లేదు, పునాది లేదు, తుమ్మమొక్కల మధ్య ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప గేటు మాత్రం ఉంది. ఆదివారాలు బస్సెక్కి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళి, జేబులోంచి తాళంచెవి తీసి, గేటు తెరిచి, మేము లోపలికి వచ్చాక మూసేవాడు. ఒకసారి నేను పక్కనుంచి నడిచి వెళ్ళబోతే, "గేటుండగా అదేం పనిరా" అని వెనక్కి పిలిచాడు. మరుసటి ఏడు ఆ గేటుకు రెండు స్తంభాలు వచ్చాయి. ఆ స్తంభాలకు గోడ. గోడ పూర్తయ్యేసరికి, లోపల ఏదీ లేకపోవడం ఆయనకే సిగ్గనిపించి ఇల్లు మొదలుపెట్టాడు. ఈ పద్ధతిని అప్పట్లో నేను అమాయకత్వమని భావించాను.

నలభై ఆరేళ్ళ కిందట నాకు దొరికిన ఆ ఉద్యోగం తెలుగుకు సంబంధించినది కాదు. ఓడలలో సరుకు ఎక్కించి దించే ఒక కాంట్రాక్టు కంపెనీకి కళాసీల కోసం ఒక క్యాంటీన్ ఉండేది. ఆ కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం, కంపెనీ కూడా లేదు. మావయ్య మాట మీద నన్ను ఆ క్యాంటీన్‌కు సూపర్‌వైజరుగా వేశారు. అది జెట్టీకి దూరంగా ఉన్న రేకుల షెడ్డు. బల్లలుండేవి, తినేవారుండేవారు కారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరుగారు మొదటిరోజునే విషయం స్పష్టం చేశారు. "చూడండి శాస్త్రిగారూ, దసరాలోగా ఈ షెడ్డు నిండితే ఉంచుతాం. లేకపోతే మోకులూ టార్పాలిన్లూ ఇక్కడ పెట్టుకుంటాం. వాటికి ఆకలుండదు. మీ ఉద్యోగం కూడా అప్పటిదాకానే." నేను శాస్త్రిని కానని చెప్పడానికి అది సమయం కాదని ఊరుకొన్నాను.

షెడ్డు వెనుక వంటశాల. అక్కడ రత్నమ్మగారు, ఇద్దరు సహాయకులు. ఆమె అప్పటికి నడివయస్సు మనిషి. మెడలో సన్నని గొలుసుకు శిలువ, నడుముకు బిగించిన తువ్వాలు. నన్ను ఎగాదిగా చూసింది.

"మీరేనేటి కొత్త సూపర్‌వైజరు? వంటొచ్చా పంతులుగారూ?"

"రాదండి."

"పోన్లెండి. మీ ముందరాయన వచ్చని సెప్పి మమ్మల్ని సంపీసినాడు." అని, రెండు అరచేతులూ నా ముందు చాపింది. వేళ్ళ సందుల్లో పాత పగుళ్ళ మచ్చలు తెల్లగా గీతలు కట్టి ఉన్నాయి. "ఐసు గెడ్డలు మోసిన సేతులివి. హార్బర్‌కాడ ఐసు ఫేట్రీలో పనిసేసీదాన్ని. ఈ పొయ్యికాడికి వచ్చినాకే కాస్త నెమ్మదించినాయి. ఇది మూసీస్తే నాను మళ్ళీ అక్కడికే ఎల్లాల. మీ సదువేటో నాకు తెల్దు. ఈ పొయ్యి ఆరిపోకుండా మాత్రం సూడండి."

నేను సమగ్రమైన ప్రణాళికతో రంగంలోకి దిగాను. చదువుకొన్నవాడి మొదటి లోపం సమగ్రత. ఋతుచర్యననుసరించి నిత్యభోజనక్రమం సిద్ధం చేశాను. పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు, ఆదివారం పరమాన్నం. విస్తళ్ళు తెప్పించాను. వడ్డన ఎడమనుంచి మొదలుకావాలని సహాయకులకు బోధించాను. అంతలో తొలి ఏకాదశి వచ్చింది. మా ఇంట్లో, మా ఊళ్ళో, నేను చదివిన కళాశాల వసతిగృహంలో ఆనాడు అన్నం వండడం ఎరుగరు. కనుక ఇక్కడా వండకూడదని ఆజ్ఞాపించాను. ఇందులో నాకు ఎంతమాత్రమూ సందేహం కలగలేదు. ఉప్పుపిండి, నానిన పెసరపప్పు, అరటిపండు ఏర్పాటు చేయించాను. రత్నమ్మగారు "మీ ఇష్టం" అంది. ఆ మాట ఎంత ప్రమాదకరమైనదో నాకు అప్పటికి తెలియదు.

ఆనాడు ఎరువుల బస్తాల ఓడ వచ్చింది. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఆగినప్పుడల్లా కళాసీలు పరుగుమీద బస్తాలు దించుతున్నారు. మధ్యాహ్నానికి అప్పలస్వామి ముఠా షెడ్డుకు వచ్చింది. అప్పటికి మా క్యాంటీన్‌లో భోంచేస్తున్నది ఆ ఒక్క ముఠాయే. అప్పలస్వామి వారి మేస్త్రీ; భుజాలు వెడల్పు, మాట తక్కువ. విస్తరి ముందు నిలబడి చూశాడు.

"ఏటిది?"

"ఉప్పుపిండి. ఈవేళ తొలి ఏకాదశి కదండీ."

"అన్నమో?"

"ఈవేళ తినరాదు."

అతడు విస్తరిని వేలితో కాస్త అవతలికి జరిపాడు. "పంతులుగారూ, మా ముసిల్ది కూడా ఏకాదశికి ఉపాసముంటాది. కానీ అది బస్తాలు మొయ్యదండి."

వెనుకనుంచి ఎవరో అన్నారు: "రారా బావా, ఎలిపోదాం. ద్వాదశికి వద్దాం."

వారు ద్వాదశికి కూడా రాలేదు. ఆ ఉప్పుపిండిని రేవులోని కాకులు నియమం తప్పకుండా భుజించాయి. రత్నమ్మగారు గిన్నెలు తోముతూ నాకు వినపడేటట్టు స్తోత్రగీతం పాడుకొంది.

ద్వాదశి సాయంత్రం ఇంట్లో నూతి దగ్గర స్నానం చేసి, అత్తయ్య నియమం ప్రకారం క్యాంటీన్ బట్టలు వేరే తాటిమీద ఆరవేసి, వసారాలో భోజనానికి కూర్చున్నాను. క్యాంటీన్ మనిషినైనప్పటినుంచి నా పీట వసారాలోకి మారింది. మావయ్య నడిమింటి గడప దగ్గర పీట వేసుకొని, అక్కడినుంచి నాతో మాట్లాడుతూ తినేవాడు.

"ఏవిట్రా సూరీ, అన్నం కెలుకుతున్నావు?"

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఓడని గట్టుకి కట్టే మోకు చూశావా? నీ ముంజేతికంటే లావు. తడిస్తే నలుగురు ఎత్తలేరు. దాన్ని ఓడమీంచి జెట్టీకి విసిరే మొగాడు ఈ రేవులో ఎవడన్నా ఉన్నాడా?"

"లేడనుకుంటాను."

"అనుకోవడం ఏవిటి, లేడు. మొదట చివర బరువు కట్టిన సన్నతాడు విసురుతారు. దాన్ని మావాళ్ళు అందుకుంటారు. దాని కొసకి కాస్త లావు తాడు కట్టి ఉంటుంది. దాని కొసకి మోకు. లాక్కుంటూ పోతే ఓడంత ఓడా వచ్చి గట్టుకి ఆనుకుంటుంది. నువ్వు మొట్టమొదటే మోకు విసిరావు. అది నీ కాలిమీదే పడింది."

"మరి సన్నతాడు ఏది మావయ్యా?"

"అది నాకేం తెలుసురా? ఏవే, వాడికి పులుసు వెయ్యి."

మర్నాడు జెట్టీమీదికి వెళ్ళి అప్పలస్వామిని పట్టుకొన్నాను. క్యాంటీన్‌కు మళ్ళీ రావాలంటే మేము ఏమి చేయాలని అడిగాను.

"ఏటీ సెయ్యక్కర్నేదు. టీ ఇయ్యండి."

"టీ ఉందిగా."

"ఉంది. ఎక్కడుంది? అక్కడుంది. మేవెక్కడున్నాం? ఇక్కడున్నాం. మేమక్కడికి ఎల్లీలోపు మేస్త్రీ ఈల ఊదీస్తాడు."

"మేస్త్రీ మీరే కదా?"

"అదే సెప్తన్నాను. నానూదకపోతే నా మీదోడు ఊదుతాడు."

వెళ్ళి రత్నమ్మగారితో చెప్పాను. ఆమె పెద్ద కెటిలు దించి, దానికి గోనెసంచి చుట్టి, పురికొసతో బిగించింది. "పొద్దున్న కాసిన టీ సాయంత్రందాకా మరగబెడితే తారు అవుతాది. కొత్తది కాస్తాను. మీరు గళాసులు పట్టుకు రండి" అని ముందు నడిచింది. గ్లాసుల బుట్టతో నేను వెనుక నడిచాను. కళాసీలు పని ఆపకుండానే మమ్మల్ని చూశారు.

"ఓరి బావా, పంతులు గళాసులు మోస్తన్నాడ్రా! రేపు బస్తా కూడా మోసీస్తాడు."

"బస్తా మొయ్యడురా. బస్తాకి ముహూర్తం ఎడతాడు."

అప్పలస్వామి ఒక గుటక వేశాడు. అందరూ అతడి ముఖంవైపు చూస్తున్నారు. "వేడిగుంది" అన్నాడు. రసస్వరూపాన్ని గురించి ఆలంకారికులు వ్రాసిన గ్రంథాలు నేను చాలా చదివాను. ఇంత సంక్షిప్తమైన నిర్ణయం వాటిలో లేదు.

ఆ రాత్రి మావయ్యకు నివేదించాను. "మంచిది. ఇంకేమీ చెయ్యకు" అన్నాడు. ఇంకేమీ చేయకుండా ఉండడం నా స్వభావానికి కష్టమైన పని. అయినా కొన్నాళ్ళపాటు పూటపూటా టీ మోయడం తప్ప మరేమీ చేయలేదు. తరువాత వారే టీతోపాటు నంజుకోవడానికి ఏదైనా తెమ్మన్నారు. ఉల్లిపాయ పకోడీలు తీసుకువెళ్ళాము. ఆ పకోడీల వాసనకు పక్క ఓడమీది ముఠా తలలు తిప్పింది. రత్నమ్మగారు వారివైపు చూడనట్టే చూసి, మరునాటికి మరికొంత శనగపిండి కలిపింది.

కళాసీలు ఇళ్ళనుంచి క్యారేజీలలో చద్దన్నమో, పప్పో, చేపల కూరో తెచ్చుకొని రైలువ్యాగన్ల నీడన కూర్చుని తినేవారు. ఎండ జరిగినకొద్దీ వారూ జరిగేవారు. మా షెడ్డులోకి వచ్చి కూర్చోండి, మా అన్నం తిననక్కరలేదు, నీళ్ళూ పచ్చిమిరపకాయలూ ఉల్లిపాయలూ ఇస్తామని చెప్పాను. ఒకరిద్దరు వచ్చారు. ఆ వారం చివరికి బల్లలు కొన్ని నిండాయి. రత్నమ్మగారికి ఇది నచ్చలేదు.

"కూకోబెట్టినారు, సరే. మరి మన వంట తినీదెవలు?"

"ప్రస్తుతానికి కూర్చుంటున్నారు కదండీ."

"బాగుంది. ఆకలేసినోల్లని కూకోబెట్టి, ఆల్లు ఇంటికూడు తింటంటే మనం సూత్తన్నాం. దీన్ని క్యాంటీన్ అంతారేటి?"

కానీ ఆమె చారు వాసన ఊరుకోలేదు. క్యారేజీ అన్నంమీదికి ఒక గరిటె చారు కావాలన్నారు. చారు ఎక్కువై అన్నం తక్కువయింది. కాస్త అన్నం కావాలన్నారు. ఒకరోజు అప్పలస్వామి ఒట్టిచేతులతో వచ్చి కూర్చున్నాడు. క్యారేజీ ఏదని అడిగాను. "మా ఆడది పుట్టింటికెల్లింది" అన్నాడు. అతడి భార్య తిరిగి వచ్చిందని తరువాత తెలిసింది. క్యారేజీ మాత్రం తిరిగి రాలేదు.

వినాయకచవితి దాటేసరికి షెడ్డు సగం నిండుతోంది. సగం చాలదు. ఆఫీసరుగారి మాట నిండడం గురించి. అప్పలస్వామి చేయి కడుక్కొంటూ ఒకనాడు అసలు సంగతి చెప్పాడు: "పంతులుగారూ, సేపల పులుసెట్టండి. అంతే. మిగతా ముఠాలు ఆటంతటవే వస్తాయి."

నేను రత్నమ్మగారివైపు చూశాను. ఆమె పొయ్యివైపు చూసింది.

"ఈ సంగతి మీకు ముందే తెలుసా?" అన్నాను తరువాత.

"తెల్దేటండి? సేపల పులుసు నేకుండా కళాసీల క్యాంటీన్ నిండదు. ముందే సెబితే మీరు ఆ రోజే పెట్టె సద్దుకుందురు."

ఆమె అంచనా సరియైనదే. అయితే ఇప్పుడు చిక్కు మరొకటి వచ్చింది. ఆ క్యాంటీన్‌లో ఒక నియమం ఉన్నది. వండిన ప్రతి పదార్థాన్నీ సూపర్‌వైజరు మొదట రుచి చూసి, సరేనన్న తరువాతే వడ్డించాలి. ఏనాడో ఎవరికో వాంతులైన తరువాత పెట్టిన నియమమట. ఆఫీసరుగారు దానిని సడలించే మనిషి కారు. నేను చేప తినే మనిషిని కాను. దసరా దగ్గరపడుతోంది. ఆ రాత్రి ధర్మసూక్ష్మాలన్నీ నెమరువేసుకొన్నాను. ఆపద్ధర్మం కింద ఒక చెంచాడు పులుసు నాలుకకు తాకించవచ్చునా అన్నదాకా వెళ్ళి, అక్కడనుంచి తిరిగి వచ్చాను. పొద్దున్న ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళి, "రుచి చూసేది తినేవారిలోనుంచే ఒకరైతే నియమానికి భంగమా?" అని అడిగాను. ఆయన పేపరు దించి, "వాంతులు కాకుండా ఉంటే నాకు చాలు" అన్నారు. దానిని అనుమతిగా స్వీకరించాను.

"మేస్త్రీ రుచి చూస్తాడు" అని రత్నమ్మగారికి చెప్పాను.

"అప్పలసామా? ఆడు రుచి సూస్తే మనకి మిగల్దండి."

ఇంట్లో ఈ వార్త నాకంటే ముందే చేరింది. నేను వెళ్ళేసరికి అత్తయ్య చేటలో బియ్యం ఏరుతోంది.

"రేపట్నించి చేపలటగా" అంది తల ఎత్తకుండా.

"ఔనత్తయ్యా."

"నువ్వు తినాలా?"

"అక్కరలేదు. మేస్త్రీ తింటాడు."

చాలాసేపు రాళ్ళు ఏరింది. ఇక వసారా కూడా పోయిందని, రేపటినుంచి నా పీట వీధిలోనని నిశ్చయించుకొన్నాను.

"పులుసులోకి మెంతిపిండి వేస్తుందా ఆవిడ?"

"తెలియదు."

అత్తయ్య లేచి వెళ్ళి, దోరగా వేయించి దంచిన మెంతిపిండి ఒక పొట్లం కట్టి తెచ్చి, అరుగుమీద పెట్టింది. నా చేతికి ఇవ్వలేదు, మడిలో ఉంది. "ఇది ఆవిడకివ్వు. దేంట్లో వేసిందో నాకు చెప్పకు" అంది.

రత్నమ్మగారు పొట్లం విప్పి వాసన చూసింది. "ఎంత బాగా ఏపినారు! ఎవలు?"

"మా అత్తయ్య."

"ఆవిడకి తెల్సా దేనికని?"

"చెప్పవద్దన్నారు."

"మరైతే బాగా కుదిరిందని సెప్పండి. ఏటి కుదిరిందో సెప్పకండి."

అలాగే చెప్పాను. అత్తయ్య తల ఊపింది. ఆపైన మెంతిపిండి పొట్లం అప్పుడప్పుడు అరుగుమీద కనిపించేది. ఆ తరువాత కొన్నాళ్ళకు నా పీట మళ్ళీ నడిమింట్లోకి వచ్చింది. దానిని ఎవరు జరిపారో నేను అడగలేదు.

మొదటినాడు అప్పలస్వామి రుచి చూసిన విధానం గురించి రత్నమ్మగారు ముందుగా హెచ్చరించినదంతా నిజమైంది. ముక్క వేయించుకొన్నాడు. ముక్కతో తేలడం లేదన్నాడు. అన్నంతో చూస్తేగాని ఉప్పు తెలియదన్నాడు. అన్నంతో చూశాక పులుపు సంగతి నిర్ధారణ చేయడానికి మళ్ళీ ముక్క కావాలన్నాడు. చివరికి లేచి నిలబడి, "ఎట్టీయండి" అన్నాడు. అతడి ముఠాలో చివరివారికి పులుసు అందలేదు. రుచి చూడడానికి చిన్న గిన్నె ఒకటి కేటాయించి, దానికి మించరాదని మరునాడు కట్టడి చేశాను.

అందులోనుంచి నేను అనుకోని ఫలం పుట్టింది. పక్క ఓడమీది ముఠావారు వచ్చి, వంటశాల గుమ్మం దగ్గర నిలబడి నన్ను నిలదీశారు. "ఏటండీ, అప్పలసామి ఒక్కడికే నాలికుందా? మా మేస్త్రీ నాలిక సేసిన పాపమేటి?" దానికి శాస్త్రంలో సమాధానం లేదు. వంతులు వేశాను. ఏ మేస్త్రీ వంతు వస్తే ఆనాడు అతడి ముఠా మొత్తం వెంట వచ్చేది, తమ మేస్త్రీ సింహాసనం మీద కూర్చోవడం చూడడానికి. వచ్చినవారు ఎలాగూ వచ్చారు గనుక తినేవారు. తమ మేస్త్రీ బాగుందన్నదానిని బాగులేదనడం ముఠా మర్యాద కాదు. కనుక మరునాడూ వచ్చేవారు. ఒకరి మేస్త్రీ ఉప్పు తక్కువని పట్టుకొంటే, మరునాటి మేస్త్రీ కారం ఎక్కువని పట్టుకొనేవాడు. వంట రోజురోజుకూ బాగుపడక తప్పలేదు. ఈ విధానం నా బుద్ధి విశేషమని కంపెనీలో చెప్పుకొన్నారు. నేను చేప తినకపోవడం దీనికి ఏకైక కారణమని ఎవరికీ తట్టలేదు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం ఆఫీసరుగారు చెప్పకుండా వచ్చారు. షెడ్డులో బల్లలు నిండి, కొందరు గోడవార ఇటుకలమీద కూర్చుని తింటున్నారు. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆయన కూర్చోవడానికి చోటు లేదు. ఒక సూపర్‌వైజరు జీవితంలో అంతకంటే మంచి ఇబ్బంది ఉండదు.

"జరగండ్రా, బాబుగారికి సోటియ్యండి" అని అప్పలస్వామి మోచేత్తో ఇద్దరిని తోశాడు. ఆఫీసరుగారు వారి మధ్య ఇరుక్కొని కూర్చున్నారు. రత్నమ్మగారు తానే వచ్చి వడ్డించింది. ఆయన తిన్నారు. మళ్ళీ పులుసు వేయించుకొన్నారు. అప్పుడు అడిగారు:

"రాత్రి షిఫ్టు వాళ్ళు ఏం తింటున్నారు?"

"ఇంటినుంచి తెచ్చుకొన్నది. చల్లారిపోయాక" అన్నాను.

"రాత్రికి కూడా పెట్టగలరా?"

తప్పకుండా అనడానికి నేను నోరు తెరిచాను. నా వెనుకనుంచి రత్నమ్మగారు "పెట్టలేమండి" అంది.

బల్లల దగ్గర నమలడం ఆగింది. నా ఉద్యోగమూ, ఆమె పొయ్యీ ఒక్కమాటతో పోయాయని నాకు తోచింది.

"ఉన్నది మేం ముగ్గురమే బాబూ. రాత్రికి కూడా అంటే ఇంకో ఇద్దరు ఆడోల్లు కావాల. మనుసులు నాకాడున్నారు. ఐసు ఫేట్రీలో నాతో పనిసేసినోల్లు. ఆల్లని పనిలోకి తీసుకుంటే రాత్రికీ పెడతాను, కావాలంటే తెల్లారగట్ట టిఫినూ పెడతాను."

"ఈ సంగతి ముందే చెప్పలేదేం?"

"ముందడిగితే ఇద్దురేటండి? అప్పుడు నాకే గతి నేదు."

ఆఫీసరుగారు విస్తరిలో మిగిలిన మెతుకులు శుభ్రంగా తిని, చేయి కడుక్కొని, తువ్వాలుకోసం చూశారు. అప్పలస్వామి తన భుజంమీది తువ్వాలు ఇచ్చాడు. ఆయన దానితోనే తుడుచుకొన్నారు. "దీపావళి అయ్యాక రమ్మనండి" అన్నారు. నేను గుమ్మందాకా వెంట వెళ్ళి, షెడ్డు సంగతి ఏమిటని అడిగాను. "ఏ షెడ్డు?" అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గిన్నెలు బోర్లిస్తున్న రత్నమ్మగారిని, ఆ ఇద్దరి విషయం ఎప్పటినుంచి మనసులో ఉందని అడిగాను.

"ఒకేపాలి అనుకోనేదు పంతులుగారూ. టీ తాగినారు కదా, అన్నం తింతారేమో అనుకున్నాను. అన్నం తిన్నాక, షెడ్డు ఉంటాదేమో అనుకున్నాను. షెడ్డు ఉంటాదనిపించినాక ఆల్లిద్దరూ గురుతొచ్చినారు. మునిగిపోయినప్పుడు పక్కోల్లు కనపడరండి. తల నీటిపైకి వచ్చినాకే కనపడతారు."

మా మేనకోడలు కూతురు ఇప్పుడు ఇదే నగరంలో ఒక పెద్ద కర్మాగారంలో ఉద్యోగులకు శిక్షణ ఇస్తుంది. చిన్న విజయాలు పెద్ద విజయాలకు దారితీస్తాయని తెరమీద బొమ్మలు వేసి చెబుతుందట. మెట్లు ఎక్కుతున్న మనిషి బొమ్మ చూపించి, దీనికి మంచి తెలుగుమాట కావాలని నన్ను అడిగింది. రెండు మూడు సంస్కృత సమాసాలు చెప్పాను; వ్రాసుకొంది. ఆ మెట్లమీద మనిషి ఒక్కడే ఉన్నాడు. అతడికి ఆకలి వేస్తున్నట్టు లేదు, అతడు ఎక్కకపోతే ఎవరి చేతులు పగులుతాయో బొమ్మలో లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు; మంచి పిల్ల, శ్రద్ధగా పనిచేస్తుంది. రేవు కూడా మారింది. కంటైనరు పెట్టెల్లో వచ్చిన సరుకును పెట్టెలతోనే ఎత్తి లారీలమీద పెడుతున్నారు. ముఠా మొత్తం చేసే పనిని ఒక మనిషి క్రేనుమీద ఎత్తైన గాజుగదిలో కూర్చుని చేస్తున్నాడు. అతడికి మధ్యాహ్నం భోజనం మోటారుసైకిలుమీద పొట్లంలో వస్తుంది. అది వేడిగానే ఉంటుందని, వంక పెట్టడానికి లేదని విన్నాను. దానిని వండినవారెవరో అతడికి తెలియదు, అతడు తిన్నాడో లేదో వండినవారికి తెలియదు. మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు తూనికయంత్రం ఉంది. పాసు లేనిదే ఆ చుట్టుపక్కలకు పోనివ్వరు. నా దగ్గర పాసు లేదు.

కాళయుక్తి నామ సంవత్సర కార్తీక శుద్ధ పంచమి నాడు ఆ క్యాంటీన్‌లో రాత్రి షిఫ్టు కళాసీలకు భోజనం మొదలైంది. మంగమ్మ, ఎస్తేరు అనే ఇద్దరు స్త్రీలు ఐసు ఫ్యాక్టరీ మానుకొని ఆనాడే పనిలో చేరారు.